తన ‘చి’తో కుస్తీ పట్టినవాడు

ఒకాంక్వో లోగిలి చుట్టూ దళసరి ఎర్రమట్టి గోడ. వాకిలి దాటగానే అతని సొంత ఇల్లు, దాని వెనక అర్ధచంద్రాకారంలో ముగ్గురు భార్యల ఇళ్లు. ఒక చివర దుంపల గాదె, ఇంకో చివర మేకల కొట్టం. గాదె దగ్గర ఒక చిన్న గుడిసె ఉంది. అందులో చెక్కతో చేసిన గుర్తులు ఉంటాయి. కొన్ని పితృదేవతలవి, కొన్ని అతని సొంత దేవుడివి. వాటికి కోలా కాయ, తిండి, కల్లు నైవేద్యం పెట్టి తన కోసం, ముగ్గురు భార్యల కోసం, ఎనిమిదిమంది పిల్లల కోసం మొక్కుకుంటాడు.

చినువా అచెబె ఈ గుడిసె మీద రెండు మూడు వాక్యాలకు మించి ఖర్చు పెట్టలేదు. ముందు కుస్తీ ఉంది, వెనక హత్య ఉంది, ఆపైన తెల్లవాళ్ల రాక ఉంది. చదివేవాళ్లు ఆ గుడిసెను దాటుకుని పరిగెత్తుతారు. కానీ ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల అంతా ఆ గుడిసెలోనే జరిగిందని నాకనిపిస్తుంది. బయట జరిగింది దాని నీడ.

1958లో లండన్‌లో హైనమన్ వాళ్లు 2000 ప్రతులు వేసిన చిన్న పుస్తకం ఇది. తర్వాత లోకమంతా తిరిగింది, మన భాషలోకీ వచ్చింది. వలసపాలన ఒక సమాజాన్ని ఎలా ముక్కలు చేసిందో చెప్పే కథగా పాఠాలు చెప్తారు. అది నిజమే. అయితే పుస్తకంలో 25 అధ్యాయాలుంటే, మొదటి 13 అధ్యాయాల్లో తెల్లవాడు కథలో అడుగే పెట్టడు. ఆ పదమూడింట్లోనే ఒకాంక్వో పతనానికి కావలసిన సరంజామా అంతా సిద్ధమైపోయింది. మిషనరీ రాకముందే కొడుకు మనసు విరిగింది. తెల్ల కమిషనర్ రాకముందే ఊరు అతన్ని వెలివేసింది. మరి కూలింది దేనివల్ల?

దీనికి జవాబు ఇగ్బోల తత్వంలోనే వెతకాలి. నైజర్ నదికి తూర్పున, ఇప్పటి నైజీరియా ఆగ్నేయ భాగంలో వాళ్ల ప్రధాన స్థావరం. అప్పట్లో చాలాచోట్ల వాళ్లకు రాజులు లేరు. ఊరి పెద్దలు, బిరుదులు సంపాదించుకున్నవాళ్లు, పూనకం వచ్చే పూజారిణులు, ముసుగు దేవతలు, వీళ్లందరూ కలిసి నడిపే వ్యవస్థ. వారానికి నాలుగు రోజులే: ఎకే, ఓరియే, అఫో, న్క్వో. ఈ నాలుగూ సంతల పేర్లు కూడా. ఇంత సమష్టిగా బతికే జనం, మనిషి విషయానికి వచ్చేసరికి విడ్డూరమైనంత వ్యక్తివాదులు. ప్రతి మనిషికీ విడిగా ఒక దేవుణ్ణి ఇచ్చారు. దాని పేరు ‘చి’.

మనిషి ఇక్కడ మట్టిమీద తిరుగుతుంటే, అతని జోడు అక్కడ ఆత్మల లోకంలో ఉంటుంది. ఆ జోడే ‘చి’. ఇద్దరూ కలిస్తేనే ఒక మనిషి. నువ్వు పుట్టకముందే నీ బతుకు గురించి నీకూ నీ ‘చి’కీ మధ్య ఏదో ఒప్పందం కుదిరి ఉంటుందంటారు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లకైనా ‘చి’ ఒకటి కాదు. అన్న ‘చి’ వేరు, తమ్ముడి ‘చి’ వేరు. అందుకే ఒక ఇంట్లో ఒకడు ధనవంతుడూ, ఇంకొకడు నిర్భాగ్యుడూ అవుతారు.

మన చదువరులకు ఇది వినగానే ఆత్మ గుర్తుకొస్తుంది. తొందరపడి రెంటినీ ఒకటి చేస్తే దారి తప్పుతాం. అద్వైతి చెప్పే ఆత్మ అందరిలోనూ ఒక్కటే. ‘చి’ ఏ ఇద్దరిలోనూ ఒకటి కాదు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుమీద రెండు పక్షులుంటాయి, ఒకటి పండు తింటుంది, రెండోది ఊరికే చూస్తుంది. ‘చి’ని ఆ రెండో పక్షితో పోల్చాలనిపిస్తుంది గానీ, ‘చి’ ఊరికే చూసే రకం కాదు. ఒప్పుకుంటుంది, మొరాయిస్తుంది, బేరమాడుతుంది, అవసరమైతే వీపు నేలకు తాటిస్తుంది. మన ఇష్టదైవం కూడా కాదు. ఇష్టదైవాన్ని మనం ఎంచుకుంటాం. ‘చి’ని మార్చుకునే వీలు లేదు.

అచెబె ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. 1975లో వచ్చిన ‘మార్నింగ్ యెట్ ఆన్ క్రియేషన్ డే’ సంపుటిలో ఉంది. ఇగ్బోల లోకంలో ఏదీ ఒంటరిగా నిలబడదని, ఒకటి ఎక్కడ నిలిస్తే దాని పక్కన ఇంకొకటి వచ్చి నిలుస్తుందని అందులో చెప్తాడు. ఇది వాళ్ల సామెత కూడా. మనిషి పక్కన ‘చి’, బతికినవాళ్ల పక్కన చచ్చిపోయినవాళ్లు, బలం పక్కన భయం, ఒక మాట పక్కన దాన్ని ఎదిరించే ఇంకో మాట. పరమసత్యం ఇదే, ఇంకేదీ కాదు అని ఎవరైనా అంటే, ఇగ్బో పెద్ద ముసిముసిగా నవ్వి కోలా కాయ విరుస్తాడు.

ఆ కోలా కాయ విరిచేటప్పుడు చేసే ప్రార్థన కూడా అదే చెప్తుంది. గద్దా వాలాలి, డేగా వాలాలి, ఒకటి రెండోదాన్ని వాలనివ్వకపోతే దాని రెక్క విరిగిపోవాలి అని. చూడ్డానికి ఇరుగుపొరుగు మర్యాద. లోపలికి వెళ్తే ఇది శాపంతో కూడిన నియమం. పక్కనున్నదాన్ని నిలబడనివ్వనివాడి రెక్కే విరుగుతుంది. ఒకాంక్వో ఈ ప్రార్థన ఎన్నిసార్లు విని ఉంటాడో! అతను దాన్ని అతిథి మర్యాదగానే విన్నాడు.

ఇగ్బోల ఇంకో సామెత మాత్రం అతని ఒంటికి పట్టింది. మనిషి ఔనంటే అతని ‘చి’ కూడా ఔనంటుంది అనేది. పౌరుషానికి ఇంతకంటే పెద్ద వత్తాసు ఏముంటుంది? ఒకాంక్వో గట్టిగా ఔనన్నాడు కాబట్టి అతని ‘చి’ ఒప్పుకుంది అని ఊరివాళ్లే అన్నారు. తండ్రి నుంచి ఒక్క దుంప కూడా వారసత్వంగా రానివాడు న్వాకిబీ అనే పెద్దమనిషి దగ్గర 800 విత్తనపు దుంపలు పాలుకు తెచ్చి సాగు మొదలుపెట్టాడు. మన పెండలం జాతి దుంపే అది, కానీ అక్కడ అది మగవాడి పరువు. ఆ ఏడు మొదట ఎండ కాల్చేసింది, తర్వాత వాన ముంచేసింది. ఊళ్లో ఒకతను ఉరిపోసుకున్నాడు. ఒకాంక్వో బతికాడు. అక్కడి నుంచి గట్టి రైతుగా, యోధుడిగా, బిరుదులున్న పెద్దమనిషిగా ఎదిగాడు.

ఇదంతా పురుషకారం. మెచ్చుకోవలసిందే. నేను ఒకాంక్వోను తక్కువ చేయను. అయితే ఆ పక్కనే ఉన్న ఇంకో సామెత అతనికి వినబడలేదు: మనిషి తన ‘చి’ని కుస్తీకి పిలవకూడదు.

కుస్తీ ప్రస్తావన వచ్చింది కాబట్టి, అచెబె తన రచనల్లో చెప్పిన ఒక ఇగ్బో కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఒక మల్లుడు భూమ్మీద అందర్నీ ఓడించాడు. సరిపోలేదు. ఆత్మల లోకానికి వెళ్లి అక్కడివాళ్లనూ వరసగా పడగొట్టాడు, చాలా తలలున్నవాళ్లతో సహా. ఇక పట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఆత్మలు ఇంటికి వెళ్లిపొమ్మని బతిమాలాయి. వెంట వచ్చి పిల్లనగ్రోవి ఊదుతూ అతన్ని పొగిడే తోడు కూడా చాలు, పోదాం అని వేడుకున్నాడు. వినలేదు. మీలో అసలు మొనగాణ్ణి పంపండి అన్నాడు. సరే అని అతని ‘చి’నే పంపారు. బక్కపల్చటి, గిడసబారిన చిన్న ఆత్మ. ఒంటిచేత్తో ఎత్తి రాతినేల మీద కొట్టింది.

ఇప్పుడు నవల మొదటి పేజీ తియ్యండి. ఏడేళ్లపాటు వీపు నేలకు తగలని అమలింజె అనే మల్లుణ్ణి పద్దెనిమిదేళ్ల ఒకాంక్వో పడగొట్టడంతో కథ మొదలవుతుంది. చివరి అధ్యాయాలకు వచ్చేసరికి అతన్ని పడగొట్టేవాడు బయట ఎవడూ లేడు. అచెబె ఆ జానపద కథనే సాగదీసి నవల చేశాడని నేను రుజువు చేయలేను. కానీ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవాడికి ఒక సంగతి తట్టక మానదు. ఆ కథలో మల్లుణ్ణి ఆపబోయింది పిల్లనగ్రోవి ఊదేవాడు. నవల్లో పిల్లనగ్రోవి ఊదేవాడు ఎవరు? ఒకాంక్వో తండ్రి ఉనోకా.

ఉనోకా దగ్గర కాసేపు ఆగాలి. విమర్శకులు అతన్ని సోమరి అని ఒక్క మాటలో తీసేస్తారు, కొడుకు తీసేసినట్టే. ఊరంతా అప్పులు. ఒకరోజు ఒకోయె అనే స్నేహితుడు వస్తాడు. అతనూ సంగీతం తెలిసినవాడే, కానీ బిరుదు సంపాదించే ప్రయత్నంలో ఉన్నాడు. కోలా, మిరియపు గింజలు, సుద్దముక్క ఉన్న పళ్లెం ముందుకొస్తుంది. అతిథి సుద్దతో నేలమీద గీతలు గీసి, కాలి బొటనవేలికి పూసుకుంటాడు. నువ్వు విరువు, కాదు నువ్వు విరువు అని కాసేపు మర్యాదలు. ఆ తర్వాత సామెతల చాటున అసలు మాట బయటికొస్తుంది: నాకివ్వాల్సిన 200 గవ్వలు ఇవ్వు. ఉనోకా పగలబడి నవ్వుతాడు. కళ్ల నీళ్లొచ్చేలా నవ్వి గోడ చూపిస్తాడు. గోడమీద సుద్దగీతలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఒక్కో గుంపు ఒక్కో అప్పు, ఒక్కో గీత 100 గవ్వలు. ముందు పెద్ద అప్పులు తీరుస్తా, నీది చిన్నది అంటాడు. ఒకోయె మేకతోలు చుట్టుకుని వెళ్లిపోతాడు.

ఉనోకా ఆచార్యుడేమీ కాదు, అప్పులు ఎగ్గొట్టినవాడు. దైవవాణి దగ్గరికి వెళ్లి నా పంట ఎందుకు పండట్లేదు, ఏటేటా కోడిని బలిస్తున్నానే అని అడిగితే, పూజారిణి చికా చెడామడా తిట్టి పంపించింది: దేవతలకూ నీకూ ఏ గొడవా లేదు, నీ కత్తికీ పారకే బలం లేదు, పోయి మగాడిలా పనిచెయ్యి అని. గమనించండి, ఇగ్బోల దేవత తలరాత అని చెప్పి ఎవర్నీ ఊరడించదు. పురుషకారం చూపించమని దేవతే గద్దించింది. ఆ గద్దింపు తండ్రి చెవిన పడలేదు. కొడుకు మాత్రం దాన్ని తనకు చెప్పినట్టే బతికాడు.

కానీ అదే ఉనోకా, ఆ కరువు ఏడు, జబ్బుతో ఉండి కొడుక్కి ఒక మాట చెప్తాడు. దిగులుపడకు. అందరితోపాటు ఓడిపోతే పౌరుషవంతుడు తట్టుకోగలడు, దానివల్ల అతని గర్వానికి గాయం కాదు. మనిషి ఒక్కడే ఓడిపోయినప్పుడు మాత్రం అది చాలా కష్టం, చాలా చేదు అని. అప్పటికి ఒకాంక్వోకి ఆ ముసలాయన వాగుడు విసుగు పుట్టించింది. నవల చివర అతనికి జరిగింది అక్షరాలా అదే. ఊరు యుద్ధానికి లేవలేదు. అతను ఒక్కడే ఓడిపోయాడు. కొడుకు చావును చాలా ఏళ్ల ముందే చూసి చెప్పినవాడు సోమరి ఎలా అవుతాడు? చేతికి సోమరితనం ఉండొచ్చు, చూపుకి లేదు.

ఒకాంక్వో జీవితాన్ని నడిపింది కోపం అనుకుంటాం, అచెబె భయం అంటాడు. అడవి భయమో దేవతల భయమో కాదు, తండ్రిలా కనిపిస్తానేమో అన్న భయం. దాంతో తండ్రి ఇష్టపడినవన్నీ తనకు శత్రువులయ్యాయి. మెత్తదనం తండ్రిది, తీరిక తండ్రిది, సంగీతం తండ్రిది. వాటిని తనలోంచి తీసి పారేయడమే సాధన అనుకున్నాడు. సాధకులు చాలామంది చేసే పనే ఇది. తనలో పనికిరాదనిపించిన సగాన్ని చంపి, మిగతా సగాన్ని తాను అనుకోవడం. చచ్చిందనుకున్న సగం చావదు. అది పక్కన నిలబడి ఉంటుంది.

అతనిలో అది ఎంత బతికి ఉందో ఒక రాత్రి బయటపడింది. కూతురు ఎజిన్మా అంటే అతనికి ప్రాణం. అది మగపిల్లాడై పుడితే బావుండునని లోలోపల బాధపడతాడు, పైకి ఏమీ చూపించడు. చియెలో అనే పొరుగావిడ పగలు సంతలో అమ్ముకునే మామూలు మనిషి, పూనకం వస్తే అగ్బాలా దేవత పూజారిణి. ఒక చీకటి రాత్రి వచ్చి ఎజిన్మాను వీపున వేసుకుని తీసుకుపోతుంది. తల్లి ఎక్వెఫీ భయపడుతూనే వెంటపడుతుంది. చాలా దూరం తిరిగి చివరికి కొండగుహకు చేరతారు. గుహ ముఖం కోళ్లగూడు కంతంత ఉంటుంది. అందులోంచి పూజారిణి పిల్లతో సహా లోపలికి దూరిపోయింది. తల్లి చీకట్లో బయట కూర్చుంది. అప్పుడు వెనకాల అలికిడి. కత్తి పట్టుకుని ఒకాంక్వో నిలబడి ఉన్నాడు. అంతకుముందే మూడుసార్లు గుహ దాకా వచ్చి, ఎవరూ కనబడక వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చాడు. నాలుగోసారికి భార్య కనబడింది. ఈ సంగతి మర్నాడు తెలుస్తుంది మనకు. తండ్రి ప్రేమను అచెబె ఎంత ఆలస్యంగా, ఎంత గుట్టుగా బయటపెట్టాడో చూడండి. ఒకాంక్వో కూడా దాన్ని అలాగే దాచుకున్నాడు.

అదే చేయి, అదే కత్తి, ఇకెమెఫునా మీద పడింది.

ఆ పిల్లాడు ఎంబైనో ఊరు నుంచి పరిహారంగా వచ్చినవాడు. మూడేళ్లు ఒకాంక్వో ఇంట్లో పెరిగాడు. నాన్నా అని పిలిచాడు. ఒకాంక్వో కొడుకు న్వోయేకి అన్న అయ్యాడు. దైవవాణి వాణ్ణి చంపమంది. ఊరి పెద్ద ఎజెయూదు వచ్చి, వాడు నిన్ను తండ్రీ అంటాడు, నీ చేయి పెట్టకు అని మరీ చెప్పి వెళ్లాడు. ఒకాంక్వో వెళ్లాడు. అడవి దారిలో మొదటి దెబ్బ పడ్డాక పిల్లాడు తనవైపు పరిగెత్తుకొస్తుంటే కత్తి దూసి నరికాడు. పిరికివాడు అనుకుంటారేమో అని. ఆ తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదు, కల్లు తాగుతూ కూర్చున్నాడు.

దీనిమీద అతనికీ, ప్రాణస్నేహితుడు ఒబియెరికాకీ వాదన జరుగుతుంది. దేవత ఆజ్ఞ నేను పాటించాను, దానికి భూదేవి నన్నెలా శిక్షిస్తుంది అంటాడు ఒకాంక్వో. ఒబియెరికా జవాబు నాకు ఈ పుస్తకం మొత్తంలో అన్నిటికంటే లోతైనదిగా కనిపిస్తుంది. నా కొడుకుని చంపమని దైవవాణి చెప్తే నేను కాదనను, కానీ ఆ పని చేసేవాణ్ణి మాత్రం నేను కాను అంటాడు. నువ్వు చేసిన పనికి భూదేవి కుటుంబాలకు కుటుంబాలనే తుడిచిపెట్టేస్తుంది అని కూడా హెచ్చరిస్తాడు. దేవతల మధ్య కూడా ఒకటి పక్కన ఇంకొకటి నిలబడి ఉంది. ఒక దేవత చంపమంటుంది, ఇంకో దేవత ఆ రక్తాన్ని సహించదు. ఈ రెంటి నడుమ మనిషి తన చోటు తాను వెతుక్కోవాలి. ఆజ్ఞ వచ్చింది కదా అని కత్తి తీసేవాడు ధర్మాన్ని పాటించినట్టు కాదు. ధర్మం చాటున దాక్కున్నట్టు.

ఆ భూదేవిని కొన్నిచోట్ల ఆలా అంటారు, నవల్లో ఆనీ. ఇగ్బో దేవతల్లో ప్రజల నిత్యజీవితాన్ని ఆమె శాసించినట్టు ఇంకెవరూ శాసించరు. పంట ఆమెది, నీతి ఆమెది, చచ్చినవాళ్లు ఆమె కడుపులోనే ఉంటారు. ఒకాంక్వో చేసిన తప్పులన్నీ వరసగా పేర్చి చూస్తే అన్నీ ఆమెకే తగులుతాయి. విత్తనాలు వేసే ముందు శాంతి వారంలో ఎవరూ ఎవర్నీ పల్లెత్తు మాట అనకూడదు, అతను చిన్న భార్యను కొట్టాడు. ఆనీ పూజారి అతనింట్లో కోలా ముట్టకుండా జరిమానా వేసి వెళ్లాడు: ఒక ఆడమేక, ఒక పెట్ట, ఒక బట్ట, 100 గవ్వలు. మర్నాడు అన్నీ గుడికి చేర్చాడు. లోలోపల పశ్చాత్తాపపడ్డాడు కూడా, కానీ తప్పయిందని ఇరుగుపొరుగుకి చెప్పే మనిషి కాదు. దాంతో అతను దేవతలను లెక్కచెయ్యడనీ, అదృష్టం తలకెక్కిందనీ అనుకున్నారు. కడుపునిండా తిని ఒళ్లు మరిచి తన ‘చి’కే సవాలు విసిరిన న్జా అనే చిన్నపిట్టతో పోల్చారు. తర్వాత ఇకెమెఫునా. ఆ తర్వాత ఎజెయూదు అంత్యక్రియల్లో ఒకాంక్వో తుపాకి పేలి ఆ పెద్దాయన పదహారేళ్ల కొడుకు చనిపోయాడు. తెలియక జరిగినదే అయినా సొంత ఊరివాడి రక్తం నేలమీద పడింది. తెల్లారేసరికి అతని ఇళ్లు తగలబెట్టి ఏడేళ్లు వెళ్లగొట్టారు. తగలబెట్టినవాళ్లలో ఒబియెరికా కూడా ఉన్నాడు. ద్వేషంతో కాదు, నేలను శుద్ధి చెయ్యాలి కాబట్టి. ఇంటికొచ్చి కూర్చుని, తెలియక చేసినదానికి ఇంత శిక్షేమిటి అని తర్కించుకున్నాడు, జవాబు దొరకలేదు. దొరకనిదాన్ని దొరికినట్టు అచెబె కూడా నటించలేదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం.

ఏడేళ్లూ ఎంబంటాలో, అంటే తల్లి పుట్టింట్లో. భూదేవి వెళ్లగొట్టినవాణ్ణి అమ్మమ్మ ఊరే చేరదీసింది. అక్కడ మేనమామ ఉచెందు అతన్నీ, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేస్తాడు. పిల్లలు తండ్రి సొత్తు కదా, మగవాడి ఊరు తండ్రి ఊరు కదా, మరి ఆడపిల్లలకు న్నేకా అని, తల్లే గొప్పదని పేరెందుకు పెడతాం? ఒకాంక్వోకి జవాబు తెలియదు. తండ్రి కొడితే పిల్లాడు తల్లి గుడిసెకే పరిగెడతాడు. బాగున్నప్పుడు తండ్రి ఊరు, కష్టమొస్తే తల్లి ఊరు అంటాడు ఉచెందు. నీకొక్కడికే కష్టమా అని తన లెక్క చెప్తాడు: ఒకప్పుడు ఆరుగురు భార్యలుండేవాళ్లు, ఇప్పుడు ఒక్క చిన్నదే మిగిలింది, 22 మంది పిల్లల్ని పూడ్చాను, ఉరిపోసుకోలేదు, ఇంకా బతికే ఉన్నాను అని. ఇలాంటి ఉపదేశం దొరకడం అదృష్టం. ఒకాంక్వో ఏం చేశాడు? ప్రవాసంలో పుట్టిన కూతురికి న్నేకా అని పేరు పెట్టాడు, మేనమామలకు మర్యాదగా. రెండేళ్ల తర్వాత కొడుకు పుడితే న్వోఫియా అన్నాడు, అడవిలో పుట్టినవాడు అని. మొదటి పేరు పెదవులది. రెండోది లోపలిది. తల్లి ఊరు అతనికి ఏడేళ్లూ అడవిగానే మిగిలింది.

అక్కడే అతను సామెతను తిరగరాస్తాడు. తాను ఔనన్నా తన ‘చి’ కాదందని, తన ‘చి’ గొప్ప పనులకు పుట్టింది కాదని నిర్ధారించుకుంటాడు. గెలిచినప్పుడు ‘చి’ తన వెనకాల నడిచిందనుకున్నాడు, ఓడినప్పుడు అడ్డం పడిందనుకున్నాడు. పక్కన నడుస్తోందని ఎప్పుడూ అనుకోలేదు. అది ఏం చెప్తోందో ఒక్కసారైనా చెవొగ్గి ఉంటే ఆ రెండు రోజులు అన్నం సహించకపోవడం అర్థమై ఉండేది. అది ‘చి’ పలుకు కాక ఇంకేమిటి?

మిషనరీల దగ్గరికొద్దాం. అచెబె తండ్రి ఐజయా అచెబె క్రైస్తవంలో చేరినవాడు, చర్చి మిషనరీ సొసైటీలో బోధకుడు. కొడుక్కి ఆల్బర్ట్ అని పేరు పెట్టారు. తర్వాత చినువా ఆ పేరు వదిలేశాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు చర్చి మీద విషం కక్కలేదు, పాత దేవతలకు వెల్లవెయ్యనూ లేదు. కవలల్ని అడవిలో వదిలెయ్యడం, ఓసు అని కొందరిని అంటరానివాళ్లుగా ఉంచడం, రెండూ ఆ నవల్లో ఉన్నాయి. న్వోయే కొత్త మతంలోకి వెళ్లింది సిద్ధాంతం అర్థమై కాదు. అడవిలో ఏడ్చే కవలలూ, ఇకెమెఫునా చావూ అతని లోపల జవాబు లేని ప్రశ్నలుగా ఉండిపోయాయి. మిషనరీల పాటలో వాటికి ఏదో ఊరట దొరికింది. తండ్రి నిలబడనివ్వనిది వెళ్లి ఇంకోచోట నిలబడింది, అంతే. కొత్త పేరు ఐజాక్. కొడుకును బలివ్వడానికి కత్తి ఎత్తిన తండ్రి కథ బైబిల్లో ఎవరిదో తెలిసినవాళ్లకు ఆ పేరులో గుచ్చుకునే ముల్లు కనబడుతుంది. అక్కడ కత్తి ఆగింది, ఇక్కడ ఆగలేదు.

రెండు మతాలు నిజంగా మాట్లాడుకున్న చోటు నవల్లో ఒకటుంది. పాదరీ బ్రౌన్ గారికీ, అకున్నా అనే ఊరి పెద్దకీ మధ్య. మీరు ఒక దేవుడే సృష్టించాడంటారు, మేమూ అదే అంటాం, ఆయన పేరు చుక్వు అంటాడు అకున్నా. పైన వేలాడే చెక్కబొమ్మను చూపించి అది చెక్కముక్క కదా అంటాడు పాదరీ. నిజమే, కానీ ఆ చెట్టును చేసింది చుక్వే, చిన్న దేవతలు ఆయన దూతలు, మీ సంఘం పెద్ద ఇంగ్లండ్‌లో ఉండి నిన్ను పంపించలేదా అని అడుగుతాడు అకున్నా. ఎవరూ మతం మార్చుకోలేదు. ఎవరూ అలిగి లేచిపోలేదు. గద్దా డేగా ఒకే కొమ్మమీద వాలిన ఆ కాసేపు ఒకాంక్వో ఊరు ఉమోఫియాలో ఇంకో చరిత్ర సాధ్యమే అనిపిస్తుంది. బ్రౌన్ వెళ్లి స్మిత్ వచ్చాక ఆ కొమ్మ విరిగింది. స్మిత్ లోకాన్ని నలుపు తెలుపులుగా చూసేవాడు. ఒక విధంగా అతను ఒకాంక్వోకి కవల సోదరుడు.

చివర తెలిసిందే. ఊరి సభ ఆపమని వచ్చిన కోర్టు జవాను తల ఒకాంక్వో కత్తికి తెగిపడింది. మిగతా జవాన్లను జనం పారిపోనిచ్చారు. ఇతనెందుకిలా చేశాడు అన్న గొంతులు వినగానే అతనికి విషయం అర్థమైంది. కమిషనర్ పట్టుకోవడానికి వచ్చేసరికి ఇంటి వెనక చెట్టుకు వేలాడుతున్నాడు. దించమంటే ఊరివాళ్లు ముట్టుకోలేదు. ఆత్మహత్య భూమికి అపచారం. పరాయివాళ్లే దించాలి, పరాయివాళ్లే పూడ్చాలి.

ఇక్కడ వెనక్కి తిరిగి ఒక్క సంగతి చూడాలి. ఉనోకా చనిపోయింది ఒళ్లు ఉబ్బే జబ్బుతో. అది భూదేవికి అసహ్యమైన జబ్బు కాబట్టి ఇంట్లో చావనివ్వలేదు, చెడు అడవిలోకి మోసుకుపోయి వదిలేశారు. అతనికి సమాధి లేదు. వెళ్తూ వెళ్తూ పిల్లనగ్రోవి తీసుకెళ్లాడు. తండ్రిలా కాకూడదని బతుకంతా పరిగెత్తిన కొడుకు చేరింది కూడా సరిగ్గా అక్కడికే. సొంత జనం చేతిమీదుగా మట్టి దక్కనివాడుగా. తేడా ఒక్కటే, అతని చేతిలో తీసుకెళ్లడానికి ఏ పిల్లనగ్రోవీ లేదు.

చెట్టు కింద నిలబడ్డ కమిషనర్ తన పుస్తకం గురించి ఆలోచిస్తాడు. ఈ మనిషి మీద ఒక అధ్యాయం రాయొచ్చు, అధ్యాయం ఎక్కువేమో, ఒక పేరా చాలు. ఈ వ్యంగ్యాన్ని అందరూ పట్టుకుంటారు. ఇగ్బోల వైపు నుంచి దీనికి జవాబేమిటో మాత్రం నవల్లో లేదు. అది అచెబె తర్వాతి వ్యాసాల్లో దొరుకుతుంది.

ఓవెరి ప్రాంతంలో ఇగ్బోలు ఆలా దేవత కోసం ఎంబారీ అనే మట్టి ఇల్లు కట్టేవారు. ఊరి నుంచి ఎన్నికైనవాళ్లు, మగా ఆడా, ప్రహరీ వెనక ఊరికి దూరంగా చాలాకాలం ఉండి, చెదపుట్ట మన్నుతో బొమ్మలు చేసేవారు. మధ్యలో దేవత కూర్చునేది. చుట్టూ జంతువులు, జనం, నవ్వు పుట్టించేవి, భయం పుట్టించేవి, సిగ్గు పుట్టించేవి. ఊరిమీదికి కొత్తగా వచ్చి పడ్డ తెల్లదొర బొమ్మ కూడా అక్కడ కూర్చునేది. అతన్ని మెచ్చుకుని కాదు. ఊళ్లో తిరుగుతున్న ఏ శక్తినీ దేవత సన్నిధికి రానివ్వకుండా బయట పెట్టకూడదు కాబట్టి. దొర తన పుస్తకంలో ఒకాంక్వోకి ఒక పేరా ఇచ్చాడు. ఎంబారీ దొరకి కూడా కూర్చోవడానికి చోటిచ్చింది. పని పూర్తయ్యాక పండగ చేసి, ఇంటిని వానకు వదిలేసేవారు. మరమ్మతు చేసేవారు కాదు. మళ్లీ అవసరమొస్తే తర్వాతితరం మళ్లీ మొదటి నుంచి కట్టేది. 1961లో ఇబదాన్‌లో రచయితలూ చిత్రకారులూ ఒక క్లబ్బు పెట్టుకుంటే దానికి ఎంబారీ అనే పేరు సూచించింది అచెబెయే.

అలాంటి మట్టి ఇంట్లో ఎవరైనా ఒకాంక్వో బొమ్మ పెడితే పక్కన ఎవర్ని కూర్చోబెడతారు? కమిషనర్నీ, స్మిత్నీ అనేవాళ్లు ఉంటారు. నన్నడిగితే ఉనోకానే కూర్చోబెట్టమంటాను, గోడమీది ఆ అప్పుల గీతలతో సహా.